పాత ట్రాక్టరు పంపు: దోషనిర్ణయ క్రమము

నరికిన చెరకు ఒకనాటిలోపల గానుగ కెక్కనిచో దానియందలి చక్కెరపాలు గంటగంటకు తరిగిపోవునని అనకాపల్లి, చోడవరము ప్రాంతముల రైతులకు ఎవరును నేర్పనక్కరలేదు. అట్టి దినములలో, ట్రక్కు నిండ చెరకు వేసికొని పొలము వెడలిన ట్రాక్టరు, బాట కెక్కు మిట్టయొద్ద రెండుసార్లు తడబడి, వేగము తగ్గి ఆగిపోయినదనుకొందము. సెల్ఫు కొట్టినచో ఇంజను తిరుగును గాని అందుకొనదు. చుట్టు చేరినవారిలో ఎవరో ఒకరు తప్పక పలుకు మాట యొకటి కలదు: “పంపు పోయింది.” ఆ మాట పలుకుటయే తడవుగా స్పానర్లు బయటికి వచ్చును, బాటప్రక్కననే పంపు ఊడబెరుకబడి, గోనెపట్టాలో చుట్టబడి, విశాఖపట్టణపు గాజువాక ఆటోనగరునకు ప్రయాణము కట్టును. అచ్చట దానిని విప్పి, బల్లమీద బిగించి పరీక్షించి, లోపమేమియు లేదని చెప్పినను, అప్పటికి దినములు గడచియుండును, చెరకు ఎండియుండును, ఆరుబయట విప్పుటవలన, అంతకుముందు లేని మట్టి పంపులోనికి కొత్తగా చేరియుండును.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటియే. డీజిలు ఇంజను మొరాయించినప్పుడు దానికి డీజిలు నందించు పంపును మొదట నిందింపరాదు; తక్కిన సాక్షులనందరిని విచారించిన పిమ్మట, చివరను మాత్రమే దానిని దోషిగా నిర్ణయింపవలెను. ఈ క్రమమును పాటించుటకు గొప్ప చదువు అక్కరలేదు. కావలసినది ఇంజనులోనికి డీజిలు నడచు మార్గమును గూర్చిన స్పష్టమైన జ్ఞానము, శుభ్రతయందు శ్రద్ధ, కొంచెము ఓర్పు.

పంపు చేయు పని

పెట్రోలు ఇంజనునందు నిప్పురవ్వ యుండును. డీజిలు ఇంజనునందు అది లేదు. గాలిని దాని పరిమాణములో పదునారవ వంతునకో, అంతకన్న తక్కువకో కుదించినచో, ఆ గాలి తనంత తానే ఐదువందల డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కును. ఆ వేడిలోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్మినచో అది అగ్గిపుల్ల లేకయే మండును. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిలు ఈ భావమునకు 1892లో పేటెంటు కోరి, 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన యంత్రమును నడిపి చూపెను. కాని నూనెను చిమ్ముటకు ఆయన మిక్కిలి ఒత్తిడిగల గాలినే సాధనముగ వాడెను. దానికై వేరొక పెద్ద కంప్రెసరు కావలసివచ్చుటచేత ఆనాటి డీజిలు ఇంజను కర్మాగారములకును ఓడలకును తగినదే గాని, బండిమీద నెక్కించుటకు తగినది కాదు. ఆ ప్రతిబంధకమును తొలగించినది స్టట్‌గార్టు నగరమునందలి రాబర్టు బాష్ సంస్థ. 1922లో పూనుకొని 1927 నాటికి వారు విరివిగా తయారుచేయ మొదలిడిన చిన్న పంపు, గాలి సహాయము లేకయే నూనెను కొలిచి, ఒత్తి, కాలము తప్పక చిమ్మగలిగినది. లారీలును ట్రాక్టరులును పెద్దయెత్తున డీజిలుమీద నడచుట కదియే మూలము.

మన దేశమున 1951లో బెంగుళూరునందు నెలకొల్పబడిన మోటారు ఇండస్ట్రీస్ కంపెనీ, అనగా మైకో, బాష్‌వారి సహకారముతో ఈ పంపులను, సిలిండరులోనికి డీజిలు చిమ్ము నాజిళ్లను తయారుచేసెను. ఆ సంస్థ 2008లో బాష్ అను పేరునే స్వీకరించినను, మన పల్లెలయందు నేటికిని “మైకో పంపు” అను మాటయే వాడుకలో నున్నది. 1959లో ఐషరు, 1960లో మద్రాసున టాఫే, 1963లో మహీంద్రా ఇంటర్నేషనలు, 1971లో హెచ్.ఎం.టి. జీటరు, 1974లో స్వరాజు – ఇట్లు వరుసగా వెలువడిన దేశీయ ట్రాక్టరుల తొలి తరములలో కొన్ని నేటికిని పొలములలో దమ్ము చేయుచు, దుక్కి దున్నుచు, చెరకు లాగుచు నుండుట, వాటిని మలచినవారి నేర్పునకును, కాపాడుకొన్న రైతుల శ్రద్ధకును నిదర్శనము.

ఈ పంపు పనియందలి సూక్ష్మతను గ్రహించుటకు చిన్న లెక్క చాలును. మూడు సిలిండరుల ట్రాక్టరొకటి నిమిషమునకు రెండువేల చుట్లు తిరుగుచు, గంటకు 5.4 లీటర్ల డీజిలు త్రాగుచున్నదనుకొందము. నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక, ఒక్కొక్క సిలిండరునకు రెండు చుట్ల కొకసారి మాత్రమే డీజిలు కావలెను. అనగా మూడింటికిని కలిపి నిమిషమునకు మూడువేలసార్లు, గంటకు లక్షా ఎనుబదివేలసార్లు పంపు డీజిలును అందింపవలెను. భాగించి చూచినచో ఒక్కొక్కసారి చిమ్మునది 30 ఘనపు మిల్లీమీటర్లు – కొళాయినుండి జారు ఒక నీటిచుక్కకన్నను తక్కువ. ఆ కొంచెమును సైతము సిలిండరు సిలిండరునకు హెచ్చుతగ్గులు లేక, క్షణములో అల్పభాగమునందు, పాత ఇంజనులలో సుమారు 175 మొదలు 250 వాతావరణ పీడనముల ఒత్తిడితో నాజిలు సూదిని లేపి చిమ్మవలెను. ఇంతటి ఒత్తిడి జారిపోకుండుటకై పంపులోని ప్లంజరునకును, దాని బ్యారెలునకును నడుమ విడిచిన సందు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు పాళ్లు మాత్రమే. మన తలవెంట్రుక దానికంటె ఇరువది రెట్లకు పైగా లావు. రబ్బరు వాచరేదియు లేక, రెండు ఉక్కుముక్కలను ఒకదానితో నొకటి జంటగా అరగదీసి సాధించిన బిగువది. కావుననే ఒక పంపులోని ప్లంజరును వేరొక బ్యారెలులో నుంచుట తగదు; కంటి కానని ఇసుకరేణువు సైతము దానికి ప్రాణాంతకము.

పాత ట్రాక్టరులయందు ఈ పంపులు రెండు విధములు. ఇన్‌లైన్ పంపునందు సిలిండరున కొకటి చొప్పున ప్లంజరులు వరుసగా నిలిచియుండును. వాటి ప్రక్కను ఏటవాలుగా చెక్కిన గాడి యుండును. ర్యాకు అను పండ్లకడ్డీ ముందువెనుకలకు కదలి ప్లంజరులను కొలది కొలదిగా త్రిప్పుటచేత డీజిలు కొలత హెచ్చుచు తగ్గుచు నుండును. రోటరీ పంపునందు వరుస లేదు. తిరుగుచున్న రోటరొకటియే పంచిపెట్టువానివలె సిలిండరులన్నింటికిని వంతు ప్రకారము డీజిలు నందించును. సి.ఎ.వి. వారి డి.పి.ఎ. పంపు ఈ రెండవ జాతికి చెందినది. ఇన్‌లైన్ పంపు అడుగుభాగమునకు ఇంజను ఆయిలు రక్షణనిచ్చును; రోటరీ పంపునకు లోపల నడచు డీజిలే కందెన. నీరు కలిసిన డీజిలు రెండింటికిని చెరుపే అయినను, రోటరీ పంపును మాత్రము అది మరింత త్వరగా చెరచును.

పొగయే తొలి సాక్షి

నేర్పుగల మెకానిక్కు బండిమీద చేయి వేయకముందే అడుగు ప్రశ్న యిది: “బాబూ, సెల్ఫు కొట్టినప్పుడు గొట్టంలోంచి పొగ వస్తోందా? ఏ రంగు?” ఇంజను తిరుగుచున్నను పొగ బొత్తిగా రానిచో డీజిలు సిలిండరులోనికి చేరుటలేదని అర్థము. తెల్లని పొగ వచ్చుచు ఇంజను అందుకొననిచో డీజిలు చేరుచున్నది గాని మండుటలేదు. టైమింగు తప్పుట, కంప్రెషను తగ్గుట, డీజిలులో నీరు కలియుట అందుకు ముఖ్యకారణములు. చలికాలపు ఉదయమున కొలది నిమిషములు కనబడి మాయమగు తెల్లపొగను లెక్కింప నక్కరలేదు. ఎంతసేపటికిని తగ్గని దానినే అనుమానింపవలెను. నల్లని పొగ డీజిలు ఎక్కువైనదనియో, గాలి తక్కువైనదనియో తెలుపును. పంపును శంకించుటకు ముందు ఎయిర్ క్లీనరులోని ఆయిలు బురదయై గాలిదారిని మూసినదేమో చూడవలెను. నీలివర్ణపు పొగ ఇంజను ఆయిలు మండుటవలన పుట్టునది. దానికిని పంపునకును సంబంధము లేదు.

ఇంజను అందుకొని, రెండు మూడు నిమిషములు నడచి ఆగుచుండెనేని, డీజిలు రాకలో అడ్డంకియో, గాలి చొరబాటో యున్నదని తలపవలెను. బరువు వేసినప్పుడే శక్తి చాలకున్నచో ఫిల్టరును మొదట పరీక్షింపవలెను. వేగము తనంత తాను హెచ్చుచు తగ్గుచు నుయ్యెలలూగుటను మెకానిక్కులు హంటింగందురు. దానికి గాలి చొరబాటైనను, వేగమును అదుపుచేయు గవర్నరు పట్టివేతయైనను కారణము కావచ్చును. ఈ ప్రాథమిక విచారణకు పైకము ఖర్చు లేదు. కాని రైతు తాను చూచినదానిని చూచినట్లు చెప్పగలుగుట మెకానిక్కునకు పనిముట్లకన్నను విలువైన సహాయము.

తొట్టి మొదలు పంపు వరకు

డీజిలు తొట్టినుండి బయలుదేరి, కుళాయి, నీటిగిన్నె, డీజిలును పీల్చి ముందుకు తోయు ఫీడుపంపు, ఫిల్టరులు దాటి పంపును చేరును. పంపునుండి ఉక్కుగొట్టములగుండ నాజిళ్లకు పోవును. విచారణ సైతము ఈ క్రమమునే అనుసరింపవలెను. మొదట స్టాపు బటను: ఇంజను నాపుటకు లాగిన తీగె తుప్పుపట్టి వెనుకకు పోనిచో, పంపు డీజిలు విడువనే విడువదు. పంపుయొద్ద ఆ తీగె లాగు లివరు సంపూర్ణముగా వెనుకకు వచ్చినదా లేదా యని చేతితో కదల్చి చూడవలెను. తరువాత తొట్టిమూత: దానికి గాలిరంధ్ర మొకటి యుండును, మట్టితో అది మూసికొనిపోయినచో, డీజిలు దిగినకొలది తొట్టిలో శూన్యమేర్పడి, కొంతసేపటికి డీజిలు దిగుట మానును. మూత వదులుచేసిన వెంటనే బండి సరిగా నడచెనేని రోగము తెలిసినట్లే, వైద్యము జరిగినట్లే.

పిమ్మట తొట్టి అడుగున డీజిలు బయల్వెడలు చోట మడ్డి పేరుకొనియుండవచ్చును. నీటిగిన్నెను విప్పి, అడుగున నిలిచిన నీటిని, తుప్పుపొడిని పారబోయవలెను. మన దేశపు పాత ట్రాక్టరులకు సామాన్యముగా రెండు ఫిల్టరులుండును; బట్టతో చేసినది మొదటిది, కాగితముతో చేసినది రెండవది. బట్ట ఫిల్టరును కడుగుట కొందరి అలవాటు. కాగితపు ఫిల్టరును మాత్రము ఎన్నడును కడుగరాదు, గాలి కొట్టి తిరిగి వాడరాదు, మార్చవలసినదే. ఆ కాగితము చిరిగినచో కంటికి తెలియదు గాని, దాని వెనుకనున్న పంపునకు తెలియును. ఇక ఫీడుపంపు. దాని చేతిలివరును కదల్చినప్పుడు పట్టు దొరకనంతనే అది చెడినదని నిశ్చయింపరాదు. ఇంజనులోని క్యాము ఎత్తు సరిగా ఫీడుపంపు చేతిక్రింద నిలిచియున్నచో చేతిలివరు పనిచేయదు. ఇంజనును ఒక చుట్టు త్రిప్పి మరల చూచినచో నిజము తేలును.

ఈ మార్గమందెచ్చటనో లోపమున్నదో, లేక పంపునందే యున్నదో ఒక్కదెబ్బతో తేల్చు పరీక్ష యొకటి కలదు. శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిలు పోసి, పంపుకంటె ఎత్తున వ్రేలాడదీసి, దానినుండి పారదర్శకమైన గొట్టముద్వారా నేరుగ పంపునకు డీజిలు నందించి, గాలి తీసి, ఇంజనును నడపవలెను. బండి చక్కగా నడచెనేని పంపు నిర్దోషి. దోషము తొట్టికిని పంపునకును నడుమ నున్నది. అట్లు నడువకున్నచో మాత్రమే పంపును, నాజిళ్లను విచారణకు పిలువవలెను. ఎన్నో పంపులు అనవసరముగా విప్పబడుటను ఈ చిన్న పరీక్ష నివారింపగలదు.

గాలి తీయు పద్ధతి

డీజిలు తొట్టి ఒక్కసారి అడుగంటినను, ఫిల్టరు మార్చినను, గొట్టము వదులైనను, మార్గములో గాలి చేరును. నూనె ఒత్తిడికి లొంగదు, గాలి లొంగును. కావున గొట్టములో గాలిబుడగ యున్నప్పుడు ప్లంజరు చూపిన బలమంతయు దూదిపరుపుమీద గుద్దిన దెబ్బవలె వ్యర్థమై, నాజిలు సూది లేవదు. దీనినే పల్లెలలో “గాలి పట్టింది” అందురు.

గాలి తీయుటకు ముందు ఫిల్టరు, పంపు పైభాగములను గుడ్డతో తుడిచి శుభ్రపరుపవలెను. మొదట ఫిల్టరు మీది గాలిమరను వదులుచేసి, చేతిలివరుతో కొట్టుచు, నురుగు పోయి స్వచ్ఛమైన డీజిలుధార వచ్చువరకు ఆగి, ధార పారుచుండగనే మరను బిగింపవలెను. తరువాత పంపు మీది మరను అట్లే చేయవలెను. రోటరీ పంపునకు ఇట్టి మరలు రెండుండును, క్రిందిదానిని ముందు, మీదిదానిని వెనుక. ఆపైని నాజిళ్లయొద్దనున్న గొట్టపు నట్లను ఒక చుట్టు వదల్చి, సెల్ఫు కొట్టుచు, చుక్కచుక్కగా డీజిలు ఉబికివచ్చువరకు చూచి, ఒక్కొక్కదానిని బిగించుకొని రావలెను. సెల్ఫు ఏకధాటిగా కొట్టరాదు. కొలది క్షణములు కొట్టి, బ్యాటరీకి, మోటారునకు విశ్రాంతి నీయవలెను.

గాలి తీసిన మరునాడే మరల పట్టినచో, తీయుటతో సంతృప్తిపడక, అది చొరబడు ద్వారమును వెదకవలెను. తొట్టికిని ఫీడుపంపునకును నడుమ డీజిలు పీల్చబడుచుండును గనుక, అచ్చటి చిల్లినుండి డీజిలు కారదు, గాలి లోనికి పోవును. పైకి తడి కనబడకుండుటయే దాని మాయ. బీటవారిన రబ్బరు గొట్టము, అణగారిన రాగి వాచరు, నీటిగిన్నె క్రింది పాత రబ్బరు వలయము – వీటి వెల పదులలో నుండును. వీటిని నిర్లక్ష్యము చేసి పంపును విప్పించినచో ఖర్చు వేలలో నగును.

నాజిలు పరీక్ష

ఇంజను నడచుచున్నను ఒక సిలిండరు పలుకుటలేదని తోచినచో, నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు ఒక్కొక్క నాజిలు గొట్టపు నట్టును కొంచెము వదల్చి చూడవలెను. ఆరోగ్యముగ నున్న సిలిండరు నట్టు వదలినంతనే ఇంజను శబ్దము మారి వేగము తగ్గును. దేనిని వదలినను మార్పు రాదో అదియే రోగగ్రస్తము. అప్పుడు ఆ నాజిలును ప్రక్క సిలిండరులోనికి మార్చి చూచినచో, దోషము నాజిలుతో కూడ నడచి వెళ్లినదో, లేక అచ్చటనే నిలిచినదో తెలియును. వెళ్లినచో నాజిలుదే తప్పు. నిలిచినచో పంపులోని ఎలిమెంటునో (అనగా ప్లంజరు, బ్యారెలుల జంటనో), సిలిండరు కంప్రెషనునో శంకింపవలెను.

నాజిలును చేతిపంపు పరీక్షాయంత్రము మీదనే చూడవలెను. సూది లేచు ఒత్తిడి ఎంత, తుంపర మంచువలె సన్నగా, సమముగా నున్నదా, చిమ్ముట ఆగిన పిమ్మట కొనయందు చుక్క జారుచున్నదా – ఈ మూడును పరీక్షింపవలసిన అంశములు. జారు చుక్క నల్లపొగకును, దడదడ శబ్దమునకును, కాలక్రమమున పిస్టను తల కాలిపోవుటకును హేతువగును.

ఇక్కడ ప్రాణరక్షణకు సంబంధించిన మాట యొకటి. నాజిలునుండి గాని, పగిలిన గొట్టమునుండి గాని వెలువడు డీజిలుధార చర్మమును సూదివలె చీల్చుకొని లోపలికి పోగలదు. పైకి చిన్న చుక్కగాయముగా కనబడినను లోపల కండను కుళ్లజేసి, వ్రేలిని, చేతిని సైతము తీసివేయవలసిన స్థితి తెచ్చును. కారుడును వెదకుటకు వ్రేలు పెట్టరాదు. అట్టముక్క నడ్డముంచి చూడవలెను. పొరపాటున ధార తగిలినచో, నొప్పి లేకున్నను, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లి జరిగినదానిని వైద్యునకు స్పష్టముగ చెప్పవలెను.

పంపు నిజముగా దోషియైనప్పుడు

ఇంతవరకు జరిగిన విచారణలో తక్కినవన్నియు నిర్దోషులని తేలినచో పంపు వంతు వచ్చును. దాని దోషములకును గుర్తులు గలవు. ఉదయము చల్లగా నున్నప్పుడు ఒక్క సెల్ఫుతో అందుకొని, మధ్యాహ్నము వేడిమీద ఆపిన పిమ్మట ఎంత కొట్టినను అందుకొననిచో, అది అరిగిన రోటరీ పంపు లక్షణము. వేడికి డీజిలు పలుచనై, రోటరునకును, అది తిరుగు హెడ్డునకును నడుమ పెరిగిన సందునుండి జారిపోయి, సెల్ఫు వేగమునకు తగిన ఒత్తిడి పుట్టదు. ఆపియుంచిన ఇంజను పంపుపై తడిగుడ్డ కప్పి చల్లార్చిన తరువాత అందుకొనెనేని అనుమానము నిశ్చయమగును. అయితే నడచుచున్న వేడిపంపుమీద చన్నీళ్లు గుమ్మరించుట మహాపరాధము. పైభాగము హఠాత్తుగ ముడుచుకొని లోపలి రోటరును పట్టివేయును.

నెలలతరబడి కదలక షెడ్డులో నిలిచిన బండి ఇన్‌లైన్ పంపునందు ర్యాకు పట్టివేయుట సాధారణము. ప్రక్కమూత విప్పి, ర్యాకు వ్రేలితో తేలికగా కదలుచున్నదా చూడవలెను. హెచ్చు డీజిలు స్థితిలో అది పట్టివేసియుండగా ఇంజనును నడిపినచో, వేగమునకు హద్దులేక ఇంజను పగిలిపోవు ప్రమాదము గలదు. అట్లు పరుగెత్తు ఇంజనును ఆపుటకు గాలిదారిని మందమైన పలకతో మూయుటయే శీఘ్రోపాయము. చేయి గాని, వదులుబట్ట గాని అడ్డము పెట్టరాదు.

ఇంజను ఆయిలు మట్టము దినదినమునకు పెరుగుచు, వ్రేళ్ల నడుమ పలుచగా, డీజిలు వాసనతో నుండెనేని, ఫీడుపంపు డయాఫ్రము చిరిగినదో, పంపు సీలు పోయినదో అయియుండును. ఆయిలు పెరిగినదని సంతోషింపక, వెంటనే బండి నాపవలెను. డీజిలు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడజాలదు.

పంపును విప్పక తప్పనిచో, విప్పుటకు ముందే దాని ఫ్లాంజిమీదను, ఇంజనుమీదను కలియునట్లు ఒక గీత గీయవలెను. మరల బిగించునప్పుడు ఆ గీత తప్పినచో టైమింగు తప్పును. ముందైనచో ఇంజను దడదడ కొట్టును, వెనుకైనచో తెల్లపొగతో శక్తిహీనమగును. ఇన్‌లైన్ పంపు టైమింగును సరిచూచుటకు పూర్వపు మెకానిక్కులు మొదటి ఎలిమెంటు డెలివరీ వాల్వును తీసి, వంపుగొట్టము తగిలించి, ఫ్లైవీలును మెల్లగా త్రిప్పుచు, డీజిలుధార సన్నగిల్లి చుక్క ఆగు క్షణమును ఫ్లైవీలు గుర్తుతో పోల్చెడివారు. గడియారమైనను అక్కరలేని ఈ పరీక్ష నేటికిని ప్రమాణమే.

పంపు లోపలి మరమ్మతు మాత్రము పొలమున చేయదగినది కాదు. పరీక్షాబల్లమీద పంపును మోటారుతో త్రిప్పి, నిర్ణీతసంఖ్య స్ట్రోకులలో ఒక్కొక్క ఎలిమెంటు ఎంత డీజిలు నిచ్చునో వరుస గాజుగొట్టములలో పట్టి పోల్చవలెను. నాలుగు సిలిండరుల పంపైనచో 90 డిగ్రీల కొకటి, మూడింటిదైనచో 120 డిగ్రీల కొకటి చొప్పున చిమ్ముట మొదలగుచున్నదా యని కొలువవలెను. సీలు వేసిన గరిష్ఠ డీజిలు మరను “ఇంకా లాగుతుంది” అను ఆశతో త్రిప్పించుకొనుట కొందరి దురలవాటు. దాని ఫలితము రెండు దినముల అదనపు శక్తి, రెండేండ్ల తక్కువ ఆయువు.

నీరు, మట్టి, ఉప్పుగాలి

విశాఖ తీరమున గాలిలో తేమ మెండు. సగము నిండిన తొట్టిలో రాత్రివేళ ఆ తేమ నీటిబిందువులుగా మారి, నూనెకంటె బరువు గనుక అడుగునకు దిగును. ఆ నీటిద్వారా తుప్పు, తుప్పుద్వారా అరుగుదల పుట్టును. సాయంకాలము పని ముగించిన పిమ్మట తొట్టి నింపుట, ఉదయము నీటిగిన్నె చూచుట ఈ ప్రాంతపు రైతునకు నిత్యవిధి కావలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరమును తాకినప్పటి వంటి విపత్తులలో, వాననీట మునిగిన బండిని చూడక సెల్ఫు కొట్టుట పంపునకు మృత్యువే. ముందు తొట్టిని, గొట్టములను ఖాళీచేసి, ఫిల్టరులు మార్చి, ఇంజను ఆయిలు సైతము మార్చిన తరువాతనే కదల్పవలెను.

కిరసనాయిలు కలిపిన డీజిలు చవుకగా దొరికినను, జిడ్డుతనము చాలనిది గావున పంపును లోలోపల కొరికివేయును. నేటి డీజిలుయందు గంధకము మిక్కిలి తక్కువ: 1990ల ఆరంభమున నూటికి ఒకపాలు వరకు అనుమతింపబడినది, 2020 ఏప్రిలు 1 నుండి దశలక్షకు పదిపాళ్లకు తగ్గింపబడినది. గంధకమును తీసివేయు ప్రక్రియలో సహజమైన జిడ్డుతనము కొంత పోవును గనుక, దానిని భర్తీచేయు ద్రవ్యమును శుద్ధికర్మాగారములవారే కలిపి, ప్రమాణపరీక్ష నెగ్గించి పంపుచున్నారు. కావున బంకునుండి తెచ్చిన మంచి డీజిలు పాత పంపులకు హానికరమను భయము నిరాధారము. మధ్యదారిలో జరుగు కల్తీయే అసలు శత్రువు.

షెడ్డు నేర్పు పాఠము

1957లో కాల్టెక్సు సంస్థ స్థాపించిన విశాఖ శుద్ధికర్మాగారము 1978లో హిందూస్థాన్ పెట్రోలియములో విలీనమై నేటికిని డీజిలు నందించుచుండగా, అదే నగరమున 1965లో రైల్వేవారు డీజిలు లోకో షెడ్డును నెలకొల్పిరి. దేశమంతట పేరుపడిన 2600 అశ్వశక్తుల డబ్ల్యు.డి.ఎం.–2 ఇంజనునకు పదునారు సిలిండరులు, సిలిండరున కొక పంపు. ట్రాక్టరు పంపునకును, ఆ పంపునకును ప్రమాణమున భేదమే గాని తత్త్వమున భేదము లేదు. అదే ప్లంజరు, అదే వాలుగాడి, అదే ర్యాకు. కాని రైల్వే ఇంజను చెడిపోవువరకు ఎవరును వేచియుండరు. దినముల లెక్కన, నెలల లెక్కన దానికి షెడ్యూళ్లు గలవు. వచ్చిన ప్రతిసారి చూచినదానిని పుస్తకములో వ్రాయుదురు. మన ట్రాక్టరునకు మాత్రము అది ఆగిన దినముననే మెకానిక్కు దర్శనము.

రైతు ఆ షెడ్డు పద్ధతిని తన వాకిటికి తెచ్చుకొనుట కష్టము కాదు. ఒక నోటుపుస్తకము చాలును. ఫిల్టరు మార్చిన తేదీ, ఇంజను నడచిన గంటలు, ఆయిలు మట్టము, పొగ రంగు, నాజిళ్లు పరీక్షించిన తేదీ, మెకానిక్కు చేసిన పని – ఇవి వ్రాయుచుండెనేని, రోగము రాకముందే దాని నడక తెలియును. బండితోకూడ వచ్చిన పుస్తకమున చెప్పిన గంటలే ఫిల్టరులకును నాజిళ్లకును ప్రమాణము. కోత రోజులలో తీరిక లేదని ఆ గడువు దాటించుట, తీరిక లేనినాడే బండి ఆగుటకు దారి తీయును.

శిక్షణకును మార్గములు గలవు. పారిశ్రామిక శిక్షణాలయములలో మెకానిక్ డీజిలు, మెకానిక్ ట్రాక్టరు అను ఏడాది చదువులున్నవి; అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983 నుండి నడచుచున్న దక్షిణ ప్రాంతీయ వ్యవసాయ యంత్ర శిక్షణ–పరీక్షా సంస్థ రైతులకు సైతము తరగతులు నిర్వహించును. ఊరికొక యువకుడైనను ఇట్టి శిక్షణ పొంది, నాజిలు పరీక్షాయంత్ర మొకటి సంపాదించుకొనెనేని, ఆ ఊరి ట్రాక్టరులలో పెక్కింటికి నగరప్రయాణము తప్పును. గాజువాకలోని పరీక్షాబల్లలు నిజముగా జబ్బుపడిన పంపులకే వినియోగపడును. కొత్త ట్రాక్టరు కొనుటకు అప్పు చేయవలసిన చిన్నరైతునకు, తన పాత బండిని ఇంకొక పదేండ్లు నమ్మకముగా నడపగలుగుట చిన్న లాభము కాదు. ఆ నమ్మకము అదృష్టమువలన వచ్చునది కాదు. తొట్టిమూత మొదలు నాజిలు కొన వరకు క్రమము తప్పక చూచు అలవాటువలన వచ్చునది. ఆ అలవాటును మన వ్యవసాయ విస్తరణాధికారులు, మెకానిక్కులు, పత్రికలు కలిసి తెలుగు పల్లెలకు నేర్పవలసియున్నది. మన యంత్రవిద్యకు ప్రస్తుతమున్న లోటులలో మొదట తీర్పవలసినది ఇదియేనని నా నిశ్చితాభిప్రాయము.